ఎంతకి పడింది?

మా బావగారు ఏ వస్తువూ కొనరు. కొనబోతుంటారు. మిక్సీ కొనబోతూ మా అక్క చేత రెండేళ్లు రోట్లో రుబ్బించారు. సీలింగు ఫ్యాను కొనబోతుండగానే మూడు వేసవులు వెళ్లిపోయాయి. ఆయన చివరికి ఒక మోడలు కొన్నారంటే, కంపెనీవాడు దాన్ని తయారు చెయ్యడం మానేశాడని అర్థం. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. లేరంటే అది మీరే.

ఇలాంటి మనిషి ఒడిశాలోని రాయగడలో, యాభై రెండో ఏట, షుగరు కాస్త ఎక్కువుందని డాక్టరు అన్నారని సైకిలు తొక్కడం మొదలెట్టారు. సైకిలు మాత్రం వెంటనే వచ్చేసింది, ఎందుకంటే అది మేనల్లుడు వదిలేసి వెళ్లినది. కథంతా హేండిలు మీద బిగించుకునే జీపీఎస్ డబ్బా దగ్గర వచ్చింది.

"ఫోనుంది కదా బావగారూ" అన్నాను. నోరు జారడం నా తప్పే. ఎండలో ఫోను తెర కనబడదనీ, దారిలో లక్ష్మీపురం చేరేసరికి బ్యాటరీ చచ్చిపోతుందనీ, హేండిలు అదురుకి ఫోను కెమెరా పాడైపోతుందనీ ముప్పావుగంట చెప్పారు. ఇంకా చెడ్డ విషయమేంటంటే, ఆయన చెప్పిందంతా నిజమే.

అక్కణ్ణుంచి తాపీగా జీపీఎస్ చరిత్రలోకి దిగారు. 2000 మే నెల దాకా అమెరికావాడు మామూలు జనానికి సిగ్నల్‌ని కావాలని చెడగొట్టి వదిలేవాడట, ఆ తరవాతే చెడగొట్టడం మానేశాడట. "ఆలోచించరా! 20,200 కిలోమీటర్ల పైనించి సిగ్నల్ ఊరికే వస్తోంది. దాన్ని పట్టుకునే డబ్బాకి పద్దెనిమిది వేలా?" అన్నారు. ఆయన గొంతులో గుడి ప్రసాదానికి డబ్బులడిగినంత బాధ.

తరవాత పట్టిక తయారైంది. గార్మిన్, వాహూ, బ్రైటన్, మజీన్, ఎక్సాస్, ఐజీపీస్పోర్ట్ అన్నీ వరసగా. బ్యాటరీ ఎన్ని గంటలు, వాన ఆగుతుందా, మ్యాపుందా, బేరోమీటరుందా, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే బెల్టు అతుకుతుందా అని గళ్లు. ఆఖరి గడి పేరు 'ఎంతకి పడింది'. ఆ గడి నింపడానికి ఆయన ఎంతకైనా తెగిస్తారు. విశాఖపట్నం నుంచి సాలూరు, పొట్టంగి మీదుగా దేవమాలి కొండకి సైకిళ్ల మీద వచ్చే కుర్రాళ్లుంటారు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ అది, 1672 మీటర్లు. ఘాటీ మధ్యలో, నోట్లోంచి మాట రాని స్థితిలో ఉన్న ఒక కుర్రాణ్ణి కారు దిగి ఆపేశారు. పాపం, నీళ్లు ఇవ్వడానికి అనుకున్నాడు వాడు. "ఎంతకి పడింది బాబూ?" అన్నారు బావగారు. వాడు తెలుగు తెలీనివాడేమోనని "కేతే? కిత్నా?" అని కూడా అడిగారు.

ఇలా పద్నాలుగు నెలలు. నాకు తెలిసినంతలో విషయం ఒక్క ముక్కలో తేలిపోతుంది. రాయగడ నుంచి కొరాపుట్‌కి ఉన్నది ఒకే పెద్ద రోడ్డు, తప్పిపోదామన్నా కుదరదు. కాబట్టి రంగుల మ్యాపుకి పదివేలు దండగ, గీత చూపిస్తే చాలు. వానాకాలం మా కొండల్లో తడి వేళ్లతో టచ్ తెర మాట వినదు, కాబట్టి బటన్లుండాలి. మరి బేరోమీటరు? రాయగడ సముద్రమట్టానికి 207 మీటర్లు, కొరాపుట్ దాదాపు 870. ఎక్కిన ఎత్తు తెలియకపోతే ఇక్కడ తొక్కినట్టే కాదు. ఉపగ్రహాలన్నీ నెత్తిమీదే ఉంటాయి, కాళ్లకింద ఒక్కటీ ఉండదు. అందుకే ఉత్త జీపీఎస్ ఎత్తు దగ్గర తడబడుతుంది. ఇంతే. ఇది నేను మొదటి వారమే చెప్పాను. "తొందరపడకూడదురా" అన్నారు.

డబ్బా ఏదో తేలకముందే దానికి రబ్బరు తొడుగు, తెరకి గాజు కొన్నారు. డిస్కౌంటట. "ఆలు లేదు, చూలు లేదు" అంది అక్క. మిగతాది అనలేదు. ఆవిడకి ఆ సామెత మొత్తం చెప్పాల్సిన అవసరం ఎప్పుడో పోయింది.

ఏమైతేనేం, ఒకనాడు డబ్బా వచ్చింది. చక్రానికి కట్టే సెన్సరు విడిగా పన్నెండు వందలంటే మానేశారు. ఈ సెన్సరుని గుర్తుపెట్టుకోండి.

కొత్త డబ్బాని సైకిలుకి బిగిస్తారనుకున్నాను. రైలెక్కించారు. రాయగడలో కొరాపుట్ బండెక్కి, కిటికీ పక్కన కూచుని, తీర్థం పట్టినట్టు దాన్ని అరచేతిలో పట్టుకున్నారు. ఆ లైను నిండా సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా ఉపగ్రహాలు పోవడం, బయటపడగానే డబ్బా కొండలోంచి తిన్నగా గీత గీసెయ్యడం. "ఇంజినీర్లు తొలిచిన కొండని ఇది మళ్లీ తొలిచేస్తోందిరా" అని ఫోన్లో మురిసిపోయారు.

ఇంట్లో ఇంకో వింత. పొద్దున్న పదింటికి హాల్లో బల్లమీద పెట్టిన డబ్బా సాయంత్రం నాలుగింటికి పాతిక మీటర్లు పైకెక్కింది. మన ఎండదేశాల్లో గాలి ఒత్తిడి రోజూ ఆ వేళకి తగ్గుతుంది, బేరోమీటరు దాన్ని ఎత్తనుకుంటుంది. ఇది తెలిశాక ఆయన ఆనందం చూడాలి! "ఏమే, మనిల్లు రోజూ ఎనిమిదంతస్తులు ఎక్కి దిగుతోంది" అని అక్కని వంటింట్లోంచి పిలిచారు. "అయితే పాలు కూడా అదే పొయ్యి ఎక్కించి దింపుకుంటుంది" అని అక్క.

చివరికి సైకిలెక్కారు. దారిలో ఎక్కుడు వచ్చింది. నేను స్కూటరు మీద వెనకాల, నీళ్లసీసాతో. నిజం చెప్పొద్దూ, ఆ మనిషి తొక్కారు. సీటు మీంచి లేచి, ఒళ్లంతా చెమటై, ఒక్కచోట కూడా కాలు కింద పెట్టకుండా అరగంట తొక్కారు. నా కళ్లు చెమర్చాయి. పైకొచ్చాక డబ్బా చూసుకుని ఆయన కళ్లూ చెమర్చాయి. నడక కన్నా మెల్లగా వెళ్తున్న మనిషి ఆగిపోయాడనుకుని డబ్బా లెక్క ఆపేసింది. చక్రానికి సెన్సరుంటే చక్రం తిరుగుతోందని చెప్పేది. పన్నెండు వందలు!

"నేను చూశాను కదా బావగారూ, సాక్ష్యం నేను" అన్నాను.

"నువ్వెవడివిరా? నీకు బేరోమీటరుందా?"

ఆ దిగులు పోగొట్టడానికి మర్నాడు కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం గుడిలో దర్శనం చేయించి, అక్కడి కాఫీ తాగించాను. ఆయన గ్లాసు పట్టుకుని సెన్సర్ల పట్టిక మొదలెట్టారు. గుడి మెట్ల దగ్గర ఎవరో సైకిలు నిలబెట్టారు. హేండిలు మీద చిన్న నల్ల డబ్బా, అచ్చం బావగారిదే. నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

"ఎంతకి పడిందండీ?" అన్నాను.

ఆయన చెప్పాడు. బావగారు కొన్నదానికన్నా ఆరొందలు తక్కువ. పైగా సెన్సరు ఊరికే ఇచ్చారట.

బావగారికి ఇంకా చెప్పలేదు.