కొండ కింద టోర్నమెంటు: కమిటీవారికి సలహాలు

శివరాత్రి అయిపోయింది, ప్రభలు ఊళ్లకు చేరాయి. పరీక్షలు కూడా గట్టెక్కాయంటే కోటప్పకొండ చుట్టుపక్కల కుర్రాళ్లు ఊరికే కూర్చోరు. క్రికెట్టో కబడ్డీయో, ఏదో ఒక టోర్నమెంటు పెట్టాల్సిందే. కమిటీల్లో తల నెరిసినవాణ్ని గనక నాలుగు ముక్కలు చెబుతాను, రాసుకోండి.

ముందు తేదీ. రోహిణి కార్తెను మించిన ముహూర్తం లేదు. మన జిల్లాలోనే రెంటచింతల ఉంది. ఎండల వార్తలొస్తే ముందు వినపడేది దాని పేరే. ఆ కీర్తిలో మనకూ వాటా ఉండొద్దూ? పొద్దున్నే ఆరింటికి మొదలుపెడదామని పీఈటీ మాస్టారు అంటారు. వినకండి. ముఖ్య అతిథి పదకొండుకి గానీ రారు, ఆయన రాకుండా టాసెలా వేస్తాం? కొండ మీద కాకి వాలదనీ, అది గొల్లభామ ఆనందవల్లి శాపమనీ పెద్దలంటారు. కొండ కింద మిట్టమధ్యాహ్నం ఏ శాపమూ లేకుండానే కాకి కనపడదు. ఆడేవాళ్లు మాత్రం కనపడాలి. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్‌వాళ్లు ఎండకి భయపడి ఆడవాళ్ల మారథాన్‌ని అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. రాత్రి పెట్టినా ఆగేవాళ్లు ఆగుతున్నప్పుడు పగలు పెడితే పోయేదేముంది?

ఇక నీళ్లు. ఈకాలం కుర్రాళ్లు చెడిపోయింది ఇక్కడే. తాగితే కడుపు బరువై కూతకి వెళ్లలేరని గట్టిగా చెప్పండి. మన మాటకి ఒలింపిక్స్ అండ కూడా ఉంది. 1904లో సెయింట్ లూయిస్ మారథాన్ నిర్వాహకుడు జేమ్స్ సలివన్, నీళ్లు లేకపోతే మనిషి ఏమవుతాడో చూద్దామని దారి మొత్తానికి ఒకటి రెండు చోట్లే నీళ్లు పెట్టించాడు. 32 మంది పరుగు మొదలెడితే 14 మంది చేరారు. గెలిచిన థామస్ హిక్స్ దారిలో సోలిపోతుంటే నీళ్లకి బదులు కోడిగుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ అనే విషం కలిపి పట్టించారు, పైన బ్రాందీ పోశారు. పతకం వచ్చిందా లేదా? మన కమిటీలో మొదటి సరుకు దొరక్కపోయినా రెండోదానికి లోటుండదు.

జెర్సీలు నల్లవి, మందపాటివి, ఒంటికి అతుక్కునేవి కుట్టించండి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పోర్చుగల్ మారథాన్ వీరుడు ఫ్రాన్సిస్కో లాజారో ఎండ సోకకుండా ఒంటికి మైనం పూసుకున్నాడంటారు. చెమటకి దారి లేకపోయింది. దారిలో కూలిపోయి మర్నాడు కన్నుమూశాడు. స్పాన్సరు ఇచ్చే పాలియెస్టర్ ఆ మైనమంత గొప్పది కాదు గానీ, మన తాహతుకి సరిపోతుంది.

జట్టులో హైదరాబాద్ నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకడుండాలి. ఏసీ గదిలోంచి శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం ఓపెనింగ్ దిగాలి. ఒంటికి ఎండ అలవాటు కావాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుందని డాక్టర్లంటారు. ఫైనల్ ఆదివారమే, అంత తీరికెక్కడిది? మొన్న జ్వరం తగిలి లేచినవాడైతే ఇంకా మేలు, ఒళ్లు ముందే వేడెక్కి ఉంటుంది.

ఇంత చేశాక ఎవడో ఒకడు తూలతాడు. మాట తడబడుతుంది, స్కోరెంతరా అంటే ఇంకేదో చెబుతాడు, చెయ్యి వేస్తే కాలిపోతుంటాడు. నాటకాలాడుతున్నాడనండి. చెమట కారుతోంది కాబట్టి వడదెబ్బ కాదని తేల్చెయ్యండి. ఆటలో తగిలే వడదెబ్బకి చెమట ఆగాలనేమీ లేదని చదువుకున్నవాడెవడైనా అంటే వాణ్ని స్కోరు బోర్డు దగ్గరకి పంపండి. జేబులో ఉల్లిపాయ పెట్టండి, నోట్లో పారాసిటమాల్ వెయ్యండి. ఆ వేడికి ఆ మాత్ర పనిచెయ్యదు, అయినా ఏదో ఒకటి చేశామన్న తృప్తి మనకి మిగులుతుంది. ప్రభ కాస్త ఒరిగితే క్షణంలో పాతికమంది తాళ్లు అందుకునే ఊళ్లు మనవి. మనిషి ఒరిగితే మాత్రం అందరం చుట్టూ మూగి, గాలి ఆడకుండా చూస్తూ నిలబడాలి.

2001లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ప్రాక్టీసులో వడదెబ్బకి పడిపోయి మర్నాడు పోయాడు. ఆయన పేరుతో కనెక్టికట్‌లో పెట్టిన సంస్థ ఒకటే మాట అంటుంది: ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోను చేసి, అది వచ్చేలోపు మనిషిని మెడదాకా ఐసు నీళ్ల టబ్బులో కూర్చోబెట్టాలట, తల పట్టుకుని. అరగంటలోపు ఒంటి వేడి 40 డిగ్రీల కిందికి దిగితే దాదాపు అందరూ బతుకుతారట. వింటానికి బాగానే ఉంది. టబ్బు షామియానావాడి దగ్గరుంది, ఐసు కూల్‌డ్రింకుల డబ్బాలో ఉంది. కానీ ఆ కూల్‌డ్రింకులు ముఖ్య అతిథివి, ముట్టనివ్వకండి. దానికి బదులు సంతాప ఫ్లెక్సీ ఖర్చు ఇప్పుడే లెక్కలో రాసుకోండి. అతిథిగారి ఫొటో పెద్దది, కుర్రాడిది కింద.