పంపు పోయిందట!

డీజిల్ పికప్ బండి మొరాయిస్తే మన నోట మొదట వచ్చే మాట "పంపు పోయింది". ఆ తర్వాత నాజిళ్లు, అదీ కాకపోతే "ఇంజన్ బోరుకొచ్చింది". రబ్బరు వాషరు ఎండిపోయిందనో, హోసు క్లిప్పు వదులైందనో చెప్పుకునే ఓనరు కనపడడు. చెప్పుకుంటే పరువేముంటుంది? పంపు పోయిందంటే పలకరించడానికి నలుగురొస్తారు, ఫైనాన్సు వాడు సైతం ఓ వారం ఓపిక పడతాడు. వాషరు పోయిందంటే టీ ఇప్పించేవాడు కూడా ఉండడు. నేననేది ఏమిటంటే, ఈ బండ్ల జబ్బుల్లో చాలా భాగం గాలి, నీళ్లు, దుమ్ము, వదులుతనం వల్ల వచ్చేవే. వాటిని సాకి పెద్ద చేసేది ఖరీదైన రోగం మీద మనకున్న మోజు.

పొద్దున్నే స్టార్టు కాని బండి సంగతే చూడండి. డీజిల్ ఇంజన్‌కు స్పార్కు ప్లగ్గుండదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ డీజిల్ లైన్లో గాలి పట్టిందా, ఆ గాలి నలుగుతుందే గాని నాజిల్ మాత్రం సరిగ్గా చిమ్మదు. మరి గాలి ఎలా దూరింది? ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే పైపు. అక్కడ ఫిల్టరు వాషరు గట్టిపడితే, బండి నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. కారితే కింద మరకైనా కనపడేది. రాత్రంతా లైన్లో డీజిల్ మెల్లగా వెనక్కి దిగిపోతుంది, తెల్లారి ఎంత సెల్ఫు కొట్టినా బండి అందుకోదు, నింద పంపు మీద పడుతుంది. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి చేతి పంపు నొక్కితే బుసబుసమని నురగ వస్తుంది. బుడగలు పోయి తేట డీజిల్ వచ్చాక, బిగించి మళ్లీ నొక్కితే చేతి పంపు బొటనవేలికి గట్టిగా తగులుతుంది. మర్నాడు మళ్లీ అదే గోలైతే వాషరు మార్చాలి, అంతే. హీటర్ ప్లగ్గుల్ని తిట్టేవాళ్లూ ఉన్నారు. లంబసింగి చలికైతే సరే, మే నెలలో రెంటచింతలలో చలికి స్టార్టు కాలేదంటే బండే నవ్వుతుంది.

సెల్ఫు మోటారుకు జరిగే అన్యాయం ఇంకొకటి. "లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ బాగుంది, సెల్ఫే పోయింది" అంటారు. హెడ్‌లైటు బల్బుకు ఐదారు ఆంపియర్లు చాలు, సెల్ఫుకు వందల ఆంపియర్లు కావాలి. టెర్మినల్ మీద పూసిన తెల్లటి బూజు గుండా అది పోతుంది, ఇది పోదు. వేణ్ణీళ్లు పోసి, ఎమరీ పేపరుతో రుద్ది, ఎర్త్ వైరు బోల్టు బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. నల్ల పొగదీ ఇదే కథ. మిర్చి యార్డు దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఇంజన్ ఊపిరాడక కక్కుతుంటే, మనం నాజిళ్లు విప్పిస్తాం. నీలం పొగ మాత్రం ఆయిలు కాలడం. అదొచ్చిందంటే ఖర్చు పెద్దదే, ఒప్పుకుంటాను.

"ఇదంతా మెకానిక్కుల దోపిడీ" అని కొందరంటారు. కొంత నిజమే. కానీ చప్పుడు విని క్లిప్పు బిగించి ఐదొందలడిగితే, క్లిప్పుకి ఐదొందలా అని ఆటోనగర్ అంతా టముకేస్తాం. అదే పంపు దించి ఎక్కించి వేలల్లో బిల్లేస్తే, పాత సామాను గోనెసంచిలో కట్టించుకుని తృప్తిగా ఇంటికెళ్తాం. తెలివికి డబ్బులివ్వం కనక ఆయన మనకు సామానే అమ్ముతాడు. "పంపులు నిజంగా పోవా?" అంటే పోతాయి. ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు దించకపోతే తుప్పుపట్టి పోతాయి. రేడియేటర్ మూత బిగువు పోయినా పట్టించుకోకపోతే, కొన్నాళ్లకు హెడ్ గాస్కెట్టూ పోతుంది. టన్నున్నర బండికి ఇంకో కమాను పట్టీ వేయించి మూడు టన్నులెత్తితే క్లచ్ ప్లేట్ ఏం చేస్తుంది పాపం.

ఇక చివరి ఆక్షేపణ: 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లన్నీ కంప్యూటర్లేనట, పాత చిట్కాలు పనికిరావట. స్కానరు పెడితే రైలు ప్రెషర్ తక్కువని చెబుతుంది. ఎందుకు తక్కువో చెప్పదు. మూసుకుపోయిన ఫిల్టరుకూ, లైన్లో గాలికీ, అరిగిన పంపుకూ ఆ కోడే రావచ్చు. పైగా వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌తో పనిచేసే పంపు పాతవాటికంటే సుకుమారం, నీటిబొట్టును అసలు భరించదు. అందుకే చాలా బండ్లకు ఫిల్టరులో నీళ్లు చేరితే వెలిగేలా డాష్‌బోర్డు మీద ఓ బుల్లి లైటు పెట్టారు. అది రాత్రిళ్లు కళ్లలో పొడుస్తోందని దానిమీద అభిమాన హీరో స్టిక్కరు అంటించేవాళ్లతో మాత్రం నేను వాదించలేను.