దొడ్డబల్లి పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక: ఈ తేటగీతి కర్త ఒక విశ్రాంత తెలుగు పండితుడు. టెక్సస్‌లో డాలస్ పక్కన కొడుకింట ఆరు నెలలు ఉండివద్దామని వెళ్లినవాడు. మనవడు గాజుపెట్టెలో పెంచుకుంటున్న లెపర్డ్ గెకో అనే బల్లి మేత మానేసినప్పుడు ఆశువుగా చెప్పిన పద్యమిది. ఆ వేళ పక్కనే వంటగట్టు మీద గ్రైండరులో దోసెలపిండి తిరుగుతోంది. ఈ వివరం వర్ణన కోసం చెప్పింది కాదు, పాఠకులు గుర్తుంచుకోవాలి.

మూలం:

తే. పురుగు పెట్టిన మొగమును మరలఁ ద్రిప్పుఁ
గడుపు చల్లన యాయెనో గాజుగూట
నిసుక మ్రింగెనో పొట్టలో నిరుకుకొనియెఁ
దోక చిక్కె నిదేమిరా దొడ్డబల్లి!

ప్రతిపదార్థం: దొడ్డబల్లి = ఓ ఘనమైన బల్లీ; పురుగు = మీల్‌వార్మును; పెట్టినన్ = పటకారుతో మూతి ముందు ఆడించినచో; మొగమును = మచ్చల మొగాన్ని; మరలన్ త్రిప్పున్ = అవతలికి తిప్పేసుకుంటుంది; గాజుగూటన్ = అద్దాల పెట్టెలో; కడుపు = పొట్ట; చల్లన ఆయెనో = వేడి తగ్గిపోయిందో; ఇసుక మ్రింగెనో = అడుగున పోసిన ఇసుకను మింగిందో; పొట్టలోన్ ఇరుకుకొనియెన్ = ఆ మింగింది లోపల అడ్డుపడింది; తోక చిక్కెన్ = తోక సన్నబడింది; ఇదేమిరా = ఏమిటిది నాయనా!

తాత్పర్యం: బల్లి తినడం లేదు. చలా, ఇసుకా, మరేదైనా జబ్బా అని తాతగారికి బెంగ.

విశేషాలు:

దొడ్డబల్లి. సంబోధన గౌరవార్థం, పరిమాణార్థం కూడా. పెరిగినది మూతి నుంచి తోక చివరికి సుమారు 20 సెంటీమీటర్లు, బరువు 50 నుంచి 80 గ్రాములు. పుట్టింటివారు మనవాళ్లే. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో పంజాబు ఉప్పుకొండల బల్లిని చూసి దీన్ని శాస్త్రంలో నమోదు చేశాడు. దీని జ్ఞాతి ఒకటి ఒడిశా నుంచి ఉత్తరాంధ్ర దాకా తూర్పు కనుమల్లో తిరుగుతుంది. కాబట్టి డాలస్ గాజుగూట్లో ఉన్నది అమెరికాలో పుట్టిన ప్రవాసి, మనవడిలాగే. నానమ్మ పెట్టింది వద్దనడంలోనూ ఇద్దరికీ పోలిక ఉందంటారు.

గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి. గోడబల్లికి ఉన్న అంటుకునే వేళ్లు దీనికి లేవు. గోడెక్కలేదు, అందుచేత ఎవరి నెత్తిమీదా పడలేదు. పంచాంగంలోని బల్లిపాటు ఫలితాలు దీనికి వర్తించవని నిర్ణయం.

మొగమును మరలఁ ద్రిప్పు. ఇది రోగం కాదు, లక్షణం మాత్రమే. కుబుసం విడిచే రోజుల్లో తినదు. విడిచిన కుబుసాన్ని తానే తినేస్తుంది, కనుక ఉపవాసమని కూడా అనలేం. కొత్త ఇంటికి తెస్తే వారం పదిరోజులు అలుగుతుంది. చలికాలంలో ఆకలి మందగిస్తుంది. జత కట్టే కాలంలో మగది తిండి మరుస్తుంది, కడుపులో గుడ్లు కడుతున్న ఆడది మానేస్తుంది. తీపికి మరిగిన పిల్లవాడిలా వాక్స్‌వార్ములకు మరిగితే ఇంకేదీ ముట్టదు. ఆ పురుగుల్లో కొవ్వు చాలా ఎక్కువ. పెట్టిన పురుగు దాని రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్దదైనా ఇబ్బందే. కదలనిదాన్ని సాధారణంగా తిండిగా లెక్కచేయదు. అందుకే టీకలో ‘ఆడించినచో’ అని అర్థం చెప్పవలసి వచ్చింది. తినకుండా వదిలేసిన కీచురాళ్లను రాత్రంతా పెట్టెలో ఉంచితే అవే తిరిగి బల్లిని కొరుకుతాయి.

కడుపు చల్లన. పద్యానికి ప్రాణం ఈ మాటే. మన ఇళ్లలో ‘నీ కడుపు చల్లగా’ అంటే దీవెన. ఈ ప్రాణిని అలా దీవిస్తే చచ్చిపోతుంది. మనిషి జఠరాగ్ని కడుపులోనే ఉంటుంది, దీని జఠరాగ్ని గోడకున్న ప్లగ్గులో ఉంటుంది. ఒంట్లో సొంత వేడి పుట్టని జీవి. పొట్ట ఆనించి పడుకునే చోట నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉంటే తిన్న పురుగు అరుగుతుంది. పెట్టె అవతలి కొస 25 దగ్గర ఉంటే వేడెక్కువైనప్పుడు అక్కడికి జరుగుతుంది. అమెరికా ఇంట్లో ఏసీ 72 ఫారన్‌హీట్‌లో పెడతారు, అంటే 22. ఆ చలిలో అరుగుదల నత్తనడక పడుతుంది. పొట్టలోని పురుగు అరగక కుళ్లుతుంది, చివరికి కక్కేస్తుంది. అది తెలిసే బల్లి మొగం తిప్పుకుంటుందని కొందరు వ్యాఖ్యాతలు. తెలివి అంటగట్టడం ఎందుకు, ఆకలే పుట్టదని నా అభిప్రాయం.

2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటప్పుడు జాలిపడి మేత పెట్టడమే అపకారం. ముందు వేడి, తర్వాతే తిండి. పెట్టె అద్దానికి అతికించిన థర్మామీటరును నమ్మరాదు, అది గాలి సంగతి చెబుతుంది. బల్లి పొట్ట ఆనేది నేలకు. థర్మోస్టాట్ లేకుండా హీట్‌మ్యాట్ పెడితే పొట్ట కాలుతుంది, అదో అతి.

పూర్వపక్షం. ఇంటి ఇల్లాలి పక్షం మూడు విధాలు: దిష్టి తగిలింది, వాము నీళ్లు పట్టాలి, పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే తింటుంది. సమాధానం: ఇది కేవలం కీటకాహారి. అన్నం, కూరగాయ, పాలు, పెరుగు ఏవీ దీని పొట్టకు పనికిరావు. వాము నీళ్లు నోరు తెరిచి పోస్తే దవడ దెబ్బతింటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. దిష్టి సంగతి కాదనం. అయితే దిష్టి తీసిన ఎండుమిరపకాయల పొగను గాజుగూటి వైపు మాత్రం పోనీయకూడదు.

ఇసుక మ్రింగెనో. ఎడారి బల్లి కదా అని దుకాణంవాళ్లు ఇసుక అంటగడతారు. స్వస్థలంలో ఇది గట్టినేల మీదా రాళ్ల సందుల్లోనూ బతికే ప్రాణి, ఇసుకతిన్నెల మీద కాదు. కాల్షియం ఇసుక తింటే అరిగిపోతుందన్న మాట ప్యాకెట్టు మీద ఉంటుంది, పేగుల్లో ఉండదు. మలం ఆగి, పొట్ట ఉబ్బి, పల్చని చర్మం కింద నల్లగా ముద్ద కనిపిస్తే అడ్డుపడిందని అనుమానించాలి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టడం తొలి ఉపాయం. కదలకపోతే డాక్టరు, ఎక్స్‌రే. అడుగున పింగాణీ పలకో, కిచెన్ పేపరో పరిస్తే ఈ పాదం రాయవలసిన అవసరమే కవికి ఉండేది కాదు.

తోక చిక్కె. మొదటి మూడు పాదాల్లో బల్లి గురించి మనతో చెబుతున్న కవి ఇక్కడ హఠాత్తుగా బల్లినే నిలదీశాడు. దోషమని అనేవాళ్లు అంటారు గాని, నాకు గుణంగానే కనిపిస్తోంది. కంగారు పుట్టేది ఇక్కడే. ఈ జీవి కొవ్వు తోకలో దాచుకుంటుంది. తోక మెడంత లావుగా ఉండి తినకపోతే అలక. తోక పుల్లలా అయిపోతుంటే జబ్బు. పేగుల్లో నులిపురుగులు ఉండవచ్చు, వాటికి మందుంది. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి అయితే నమ్మదగిన చికిత్స లేదు. పక్క పెట్టెల్లోని బల్లులకూ అంటుకుంటుంది, మామూలు బ్లీచుకు లొంగదు. ఒక్కసారి మలపరీక్షలో కనిపించకపోయినా లేదనుకోకూడదు, మళ్లీ చేయించాలి. ప్రతి వారం వంటింటి త్రాసు మీద తూచడం మంచిది. బరువు పదోవంతు తగ్గితే పద్యాలు ఆపి సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

అలంకారం. ‘ఆయెనో, మ్రింగెనో’ అన్నచోట సందేహాలంకారం. సాదృశ్యం లేనిదే సందేహాలంకారం కుదరదని ఆలంకారికులు ఆక్షేపిస్తారు. జంతువైద్యులు మాత్రం రోజూ ఈ అలంకారంతోనే పని మొదలుపెడతారు, వాళ్లు దాన్ని డిఫరెన్షియల్ డయాగ్నసిస్ అంటారు.

సందేహ నివృత్తి. కవి సందేహాల్లో మొదటిదే నిజమైంది. అంతకుముందెప్పుడో ఒక వాయికి గ్రైండరుకు ప్లగ్గు ఖాళీ లేక ఇల్లాలు హీట్‌మ్యాట్ తీగ పీకింది. ఆ పిండి పొంగింది, తీగ మళ్లీ ఎవరూ పెట్టలేదు. పాఠాంతరంగా రెండో పాదాన్ని ‘గ్రైండరు’ వచ్చేలా మార్చాలని మనవడు సూచించాడు. యతి చెడుతుందని తాతగారు ఒప్పుకోలేదు.

ఫలశ్రుతి. వేడి తిరిగొచ్చిన కొన్నాళ్లకు బల్లి ఒక మీల్‌వార్మును నోట కరిచింది. ఫలం మరుసటి రోజుల్లో, అది ఎప్పుడూ వెళ్లే మూలనే పడింది. ముదురు గోధుమరంగు, గట్టిగా, కొసకు తెల్లని ముక్క. తెల్లనిది మూత్రంలోని యూరిక్ యాసిడ్ గడ్డ, కంగారు పడనక్కర్లేదు.