అటక మీద అద్దెలేని కాపురం

అమీర్‌పేటలో అద్దెలు మండిపోతున్నా పైసా ఇవ్వకుండా హాయిగా కాపురముంటున్నది ఒక్క పాత సామానే. ఖాళీ చెయ్యమంటే కదలదు, పొమ్మనడానికి ఇంటివాళ్లకి మనసు రాదు.

మైత్రీవనం దగ్గర మెయిన్‌ఫ్రేమ్స్ నేర్చుకున్న అబ్బాయి అమెరికాలో ఇల్లు కొని, అప్పు కూడా తీర్చేశాడు. ఆ కోర్సు జిరాక్స్ కట్టలు మాత్రం స్పైరల్ బైండింగ్‌తో సహా ఇక్కడి అటక మీదే భద్రం. "ఉండనీండి, వాడొచ్చి చూసుకుంటాడు" అంటుంది తల్లి. వాడొస్తాడు. పంజాగుట్టలో చీరలు కొని విమానమెక్కుతాడు. షాపువాళ్లిచ్చిన సంచులు తలుపు వెనక మేకుకు వేలాడే కవర్ల కవరులోకి.

చోటు చేద్దామని ఓ ఇల్లాలు పాత చీరలిచ్చి, గంటసేపు బేరమాడి స్టీలు బేసిన్ తీసుకుంది. చీరలు పోయాయి, బేసిన్ అటకెక్కింది.

పారేయలేకపోవడం హద్దు మీరితే జబ్బేనని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో విడిగా నమోదు చేసింది. మనవాళ్లు ఒప్పుకుంటేగా! "ఎప్పటికైనా పనికొస్తుంది" అనే మందు ఇంటింటా ఉంది. రేపో మాపో అమీర్‌పేటలోనే ‘డీక్లట్టరింగ్’ కోర్సు పెడతారు: డెమో ఉచితం, మెటీరియల్ అదనం. ఆ మెటీరియల్ ఎక్కడికి చేరుతుందో చెప్పాలా?

పారేసే సంగతి భోగికి చూద్దామంటారా? సరే, విరిగిన చెక్క కుర్చీ మంటలో వేయండి. అటక మీది పాత డబ్బా మానిటర్ జోలికి మాత్రం పోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది చేరాల్సింది రిజిస్టరైన రీసైక్లర్ దగ్గరికి.