నీటి అడుగు ఫౌండరు గారు

మాదాపూర్ నుంచి ఎటు బయలుదేరినా సముద్రం మూడు వందల కిలోమీటర్లు ఉంటుంది రోడ్డు మీద. అయినా సముద్రం అడుగున కరెంటు పుట్టించే కంపెనీ పుట్టేది మాదాపూర్‌లోనే. పెట్టుబడి పెట్టేవాళ్లు బందరు రేవులో కూర్చుని ఉండరు గదా. ఆ కంపెనీ ఫౌండరు గారు మన దగ్గర ఈమధ్యే మొలిచిన జాతి. వెనకటికి ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు గాలికి తిరుగుతుంటే ఇంట్లో తిట్టేవారు. ఈయన నీటికి తిరిగే దాన్ని కనిపెట్టి అందరి నోళ్లూ మూయించాడు. టీషర్టు మీద అల బొమ్మ, చేతిలో ల్యాప్‌టాప్, అందులో రెండు నిమిషాల వీడియో. వీడియోలో అద్దం లాంటి నీలి నీళ్లలో టర్బైను తిరుగుతుంటుంది, పక్కనుంచి చేపలు మర్యాదగా తప్పుకుని వెళ్తుంటాయి. ఆగస్టు గోదావరిని ఎరిగినవాళ్లకు ఆ నీళ్లు ఏ దేశానివో అనిపిస్తుంది. ఇక్కడ ఆ నెలలో నది రంగు చిక్కటి టీ. ఇక స్లైడుల సంగతి. దేశ తీరరేఖ 7,516 కిలోమీటర్లని చిన్నప్పుడు బళ్లో నేర్పారు. ఈమధ్య సూక్ష్మంగా కొలిచి ప్రభుత్వం దాన్ని 11,098 కిలోమీటర్లకు పెంచింది. కొలబద్ద మారిందే తప్ప సముద్రం ఎక్కడికీ జరగలేదు. ఫౌండరు గారి మార్కెట్ మాత్రం రాత్రికి రాత్రి సగం పెరిగింది, స్లైడు మారింది.

ఈయన అబద్ధాలకోరు అనుకుంటే పొరపాటు. చెప్పేదంతా నిజమే, కాకపోతే నిజంలో సగం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది, కాబట్టి గాలిమర రెక్క కంటే చాలా చిన్న రెక్కతో అంతే శక్తి పట్టవచ్చు అంటాడు. నిజం. ప్రవాహశక్తి వేగానికి ఘనం చొప్పున మారుతుందన్న మిగతా సగం చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేగం సగమైతే శక్తి సగం కాదు, రూపాయికి రెండణాలే మిగులుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో పారే నీరు చదరపు మీటరుకు 4,000 వాట్లు మోస్తుంది. బ్రోషర్లో కనిపించే వేగం అదే. సముద్రానికి ముందు ఆయన యంత్రం పెట్టి చూడబోయే మన డెల్టా మట్టి కాలువల్లో నీరు సెకనుకు ఒక మీటరైనా నడవడం అరుదు. అది నీటి బద్ధకం కాదు. గట్లు కోసుకుపోకూడదని, నీరు తొందరపడకుండా నిదానంగా నడవాలని కాలువ తవ్వించిన ఇంజనీర్లు వాలు లెక్కగట్టి మరీ తగ్గించారు. వాళ్లు కష్టపడి తీసేసిన వేగాన్ని ఫౌండరు గారు మళ్లీ అమ్మబోతున్నాడు. 0.8 మీటర్ల వేగానికి చదరపు మీటరుకు దక్కేది 256 వాట్లు. ఏ యంత్రమూ అందులో 59 శాతం దాటి పట్టలేదని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నూరేళ్ల కిందటే తేల్చాడు. చిన్న యంత్రం మూడో వంతు పట్టినా మెచ్చుకోవాలి. అంటే సుమారు 85 వాట్లు, ఓ సీలింగ్ ఫ్యాను.

అయినా ఈయన అసలు కష్టం ఈ లెక్కలో లేదు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటే: నీళ్లలోకి ఎవరు దిగుతారు? నీటి అడుగు కరెంటు చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. కెనడాలో ఫండీ అఖాతం ఉంది, పోటు పాటుల మధ్య 16 మీటర్ల దాకా తేడా వచ్చే చోటు. 2009 నవంబరులో ఐర్లండ్ కంపెనీ ఓపెన్‌హైడ్రో తయారుచేసిన టర్బైనును అక్కడ దించారు. కొద్ది వారాల్లోనే ప్రవాహం రెక్కలు విరగ్గొట్టింది. పైకి తీసి చూసేసరికి 2010 డిసెంబరు వచ్చింది. 2018 జూలైలో అదే కంపెనీ అక్కడే మరొకటి దించింది. వారం తిరక్కముందే మాతృసంస్థ చేతులెత్తేసి కంపెనీని మూసివేతకు పంపింది. కంపెనీ తేలిపోయింది, యంత్రం అడుగున మిగిలింది. ఇక నెగ్గిన వాటి సంగతి చూడండి. ఉత్తర ఐర్లండ్‌లో స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్ అనే సముద్రపు పాయలో 2008లో పెట్టిన 1.2 మెగావాట్ల సీజెన్ టర్బైను పేరు నిలబెట్టుకుంది. దాని రోటర్లు నిలువు స్తంభం వెంబడి నీటి పైకి లేచేవి, మెకానిక్కు పొడిబట్టలతో రిపేరు చేసుకునేవాడు. 2021లో ఆర్క్‌నీ దీవుల దగ్గర పెట్టిన 2 మెగావాట్ల ఓ2 టర్బైను అయితే తేలుతూనే ఉంటుంది, రిపేరు కావాలంటే చేతులు పైకెత్తుతుంది. నీటి అడుగు విద్యుత్తులో గెలుపు రహస్యం వీలైనంత వరకు నీటి పైన ఉండటమే! ఈ సంగతి మాత్రం ఏ స్లైడులోనూ కనిపించదు.

కొత్త పని ఏదైనా మొదట్లో తడబడుతుంది, గాలిమరలు తడబడలేదా అని ఆయన తరఫున అడగవచ్చు. తడబడ్డాయి. జర్మనీ 1983లో నిలబెట్టిన 3 మెగావాట్ల గ్రోవియాన్‌ను కొన్నేళ్లకే కూలగొట్టాల్సి వచ్చింది. డెన్మార్క్‌లో చిన్న వర్క్‌షాపుల వాళ్లు బుల్లి మరలతో మొదలుపెట్టి దారి వేశారు. చిన్నగా మొదలుపెట్టడం తెలివే, ఒప్పుకోవాలి. కానీ డేనిష్ మెకానిక్కు పాఠం నేర్చుకోవాలంటే నిచ్చెన ఎక్కి స్పానర్ తిప్పితే చాలు. నీటి అడుగున ప్రతి పాఠానికీ పడవ, గజ ఈతగాడు, పోటు ఆగే ఘడియ కావాలి. గాలిలో తప్పు చేస్తే వందల్లో పోతుంది, నీటిలో లక్షల్లో. స్కాట్లాండ్‌లో మేజెన్ టర్బైన్లలో ఒకటి ఆరేళ్లకు పైగా అనుకోని రిపేరు లేకుండా తిరిగింది కదా అంటే, అదీ నిజమే. అయితే ఒకటిన్నర మెగావాట్లు ఇచ్చే యంత్రానికి అంతటి బేరింగులు, సీళ్లు పెట్టినా గిట్టుబాటవుతుంది. ఫ్యాను తిప్పే యంత్రానికి అదే సీలు పెడితే మొలతాడు కంటే మొలతాయెత్తు బరువవుతుంది.

ఒక్క వాదనలో మాత్రం ఫౌండరు గారిని ఓడించలేం. సోలార్ పలక రాత్రి నిద్రపోతుంది, కాలువ నిద్రపోదు అంటాడు. ఆ 85 వాట్లే ఇరవైనాలుగు గంటలూ వస్తే రోజుకు రెండు యూనిట్లు. చదరపు మీటరు సోలార్ పలక ఒక యూనిటు ఇస్తే గొప్ప. వేసవిలో కాలువలు కట్టేసే నెలలు తీసేసినా లెక్క ఆయన వైపే. కాకపోతే పలకను తుడవడానికి పాత గుడ్డ చాలు, అడుగున ఉన్నదానికి ఏది చాలుతుందో వీడియోలో లేదు. గట్టు నుంచే అందేలా పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆర్థికవేత్త షూమాకర్ స్థాపించిన సంస్థ వాళ్లు 1970ల చివర్లో అప్పటి సూడాన్‌లో నైలు నదికి ఇలాంటి టర్బైన్లే పెట్టారు, గట్టుకు కట్టిన తెప్పకు వేలాడదీసి, తోటలకు నీళ్లు తోడటానికి. మన చెట్టిపేటలో ఏలూరు కాలువ మీదున్న మినీ హైడల్‌కూ గట్టు మీద గది ఉంది, ఆపరేటరు చెప్పులు విప్పకుండా లోపలికి నడవగలడు.

చివరికి ఫౌండరు గారు కాలువ గట్టుకు చేరక తప్పదు, పైలట్ ప్రాజెక్టు అక్కడే. అక్కడ ఆయనకు ఎదురయ్యే నిపుణుడు లస్కరు. ఆయన డిగ్రీ చదవలేదు. షట్టరు ఎన్ని మరలు తిప్పితే చివరి భూమికి నీరందుతుందో, గుర్రపుడెక్క ఏ వంతెన కింద పేరుకుంటుందో ఎరుగును. వీడియో చివరిదాకా శ్రద్ధగా చూసి, "అంతా బాగానే ఉంది బాబూ, దీనికి డెక్క చుట్టుకుంటే దిగేదెవరు?" అంటాడు. ఫౌండరు గారికి ఆ ప్రశ్న ఎంతగానో నచ్చుతుంది, ఫోనులో రాసుకుంటాడు. మూడు నెలల్లో నీటి అడుగు టర్బైన్లను శుభ్రం చేసే రోబోల కంపెనీ ఒకటి మాదాపూర్‌లో మొదలవుతుంది. దాని వీడియోలోనూ నీళ్లు నీలంగానే ఉంటాయి.