ప్రచురితమైంది, పండగ చేసుకోండి!

కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అధ్యాపకుడి ఫొటో చిన్నది, ప్రిన్సిపల్‌ది కాస్త పెద్దది, ఏమీ కనిపెట్టని కరస్పాండెంట్ గారిది అన్నిటికన్నా పెద్దది. ‘మా ఈసీఈ విభాగానికి పేటెంట్! హార్దిక శుభాకాంక్షలు’. ఆ కిందే, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో: ‘ప్రచురితం’.

అసలు కిటుకు అక్కడుంది. మన దేశంలో పేటెంటుకు దరఖాస్తు పడేస్తే, 18 నెలలకు అది దానంతటదే పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది. అంతవరకు ఆగలేని వాళ్లు అదనంగా రుసుం కడితే ముందే వేస్తారు. అందులో కొత్తదనం ఉందా, పాత సరుకేనా అన్నది అప్పటికింకా ఎవరూ తేల్చి ఉండరు. హాల్ టికెట్ రాగానే ర్యాంకు బ్యానర్ కట్టడమన్నమాట!

ఎందుకు కట్టరు? కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో మంజూరైన వాటికే కాదు, ప్రచురితమైన వాటికీ మార్కులున్నాయి. పైగా 2021లో కేంద్రం విద్యాసంస్థలకు పేటెంట్ రుసుము 80 శాతం తగ్గించింది. ఇంకేం, స్మార్ట్ హెల్మెట్, స్మార్ట్ చేతికర్ర, స్మార్ట్ చెత్తబుట్ట వరసకట్టాయి. ఆ చెత్తబుట్ట కాలేజీ క్యాంటీన్లో కూడా కనబడదు, అది వేరే సంగతి.

ఇక ఆ ఆవిష్కరణలను వ్యాపారంగా మలచాల్సిన ఇంక్యుబేషన్ సెంటర్. రెండు బీన్‌బ్యాగులు, గోడ మీద పెద్ద బల్బు బొమ్మ, తలుపుకు తాళం. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చిన రోజు తాళం తీస్తారు.

ల్యాబు సరుకు బజారుకు చేరాలని అమెరికా 1980లో బే-డోల్ చట్టం తెచ్చి, ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన ఆవిష్కరణల హక్కులను విశ్వవిద్యాలయాల చేతిలో పెట్టింది. వాళ్ల ల్యాబుల్లో సరుకుంది, చట్టం దానికి దారి చూపింది. మనమూ 2008లో అలాంటి బిల్లే రాజ్యసభలో పెట్టాం. చట్టం కాలేదు. ఎంవోయూలూ శాలువాలూ మాత్రం వచ్చేశాయి.

ఈ హడావుడేమీ లేని రోజుల్లో, 1982లో, మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి వచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వరి వచ్చింది. రెండూ వ్యవసాయ విశ్వవిద్యాలయం సరుకే. పక్క చేలో కంకి చూసిన రైతు ‘నాకో బస్తా విత్తనం ఉంచు బావా’ అన్నాడు. టెక్నాలజీ బదిలీ అయిపోయింది. స్వర్ణ ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా నడిచింది. రైతు, మిల్లరు, హమాలీ, లారీ డ్రైవరు, అందరూ ఆ గింజ మీద బతికారు. మన పేటెంట్ చట్టం విత్తనానికి పేటెంటే ఇవ్వదు. కాబట్టి నేటి పేటెంట్ల పద్దులో స్వర్ణకు సున్నా, చెత్తబుట్టకు మార్కులు!

అలాంటి గింజ మళ్లీ రావాలంటే పదేళ్లు పొలంలో నిలబడే మనిషి కావాలి. ఆ పోస్టులు ఖాళీగా పెట్టి ఫ్లెక్సీలు నింపుతున్నాం.

అమ్మానాన్నలూ, రేపు పిల్లల అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు బ్రోచర్లో పేటెంట్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మంజూరైనవెన్ని, అమ్ముడైనవెన్ని, ఈ చుట్టుపక్కల వాడుతున్నదెవరు అని అడగండి. ఫీజు మాత్రం జవాబు విన్నాకే కట్టండి.