పాపం, విషం తప్పేం లేదు

పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. పార్లర్ ఫ్లెక్సీ మీద థ్రెడింగ్, వ్యాక్సింగ్, మెహందీల కింద ఈసారి బొటాక్స్ కూడా చేరింది. పెళ్లికూతురి తల్లి చేయించుకుంటే తోడికోడలికి ఫేషియల్ ఉచితమట. ఇంతకాలం పిల్లకి నగలు, వంటవాళ్లకి బయానా, విడిదింటికి ఏసీ చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు వియ్యపురాలి నుదురు కంటే మన నుదురు నున్నగా ఉండాలన్న పని కూడా నెత్తిన పడింది.

"అమ్మో, అది విషమట కదా!" అని బెదిరేవాళ్లు ఇంకా ఉన్నారు. విషమే. మనిషి ఎరిగిన విషాల్లో దీన్ని మించింది లేదు. 1820ల్లో జర్మనీలో ఈ విషం పుట్టిన పాడైన సాసేజ్‌లు తిని జనం ప్రాణాలు పోగొట్టుకుంటుంటే, యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టరు ఆ లక్షణాలన్నీ ఓపిగ్గా రాసిపెట్టాడు. ఆయన కవి కూడా. అందుకేనేమో, కాస్త తానే పుచ్చుకుని చూశాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు ఇదే విషాన్ని నలుసులో నలుసంత వాడి మెల్లకన్ను సరిచేశాడు. 1989లో అమెరికా ప్రభుత్వం సరేనంది. వాంకూవర్‌లో జీన్ కరుథర్స్ అనే మరో కంటి డాక్టరమ్మ, రెప్పలు అదిరే జబ్బుకి ఇది ఇస్తుంటే, ఒక పేషెంటు "ఈసారి కనుబొమల మధ్య పొడవలేదేం?" అని నిలదీసిందట. అక్కడ పొడిస్తే ముఖం ప్రశాంతంగా కనిపిస్తోందని ఆవిడ బాధ. డాక్టరమ్మ భర్తది చర్మ వైద్యం. ఇంకేం, ఆలుమగలు కలిసి రంగంలోకి దిగారు. ముందుగా దొరికింది వాళ్ల క్లినిక్ రిసెప్షనిస్టు. ముడతలకు అమెరికాలో అనుమతి 2002లో వచ్చింది.

ఇది చేసే పని చిన్నదే. నరం చెప్పిన మాట కండరానికి అందనివ్వదు. మూడు నాలుగు నెలలు కండరం ముడుచుకోదు కాబట్టి చర్మం మీద గీత పడదు. టీవీ సీరియల్ అత్తగార్లకే ఇబ్బంది. బొమ ముడి పడకపోతే ఆ మూడుసార్ల క్లోజప్‌లో కోడలిని దేంతో బెదిరిస్తారు?

చదువుకున్న చేతిలో, అసలు సరుకు, లెక్క ప్రకారం పడితే ఈ విషం బుద్ధిగానే ఉంటుంది. కనుబొమల మధ్యకి మామూలుగా 20 యూనిట్లు. తలనొప్పో, రెప్ప వాలడమో అయినా కొన్నాళ్లకు సర్దుకుంటుంది. కాబట్టి విషాన్ని ఆడిపోసుకోకండి. కాటేసేది డిస్కౌంటు.

2004లో ఫ్లోరిడాలో ఒకచోట, పరిశోధనశాలలకు అమ్మే ముడి విషాన్ని తెప్పించి నలుగురికి పొడిచారు. మనుషులకు వాడే సరుకు కాదది. నలుగురూ పక్షవాతంతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ నలుగురిలో పొడిచిన డాక్టరు కూడా ఒకడు. సరుకు మీద అంత నమ్మకం ఉన్న వర్తకుడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? 2024లో అదే దేశంలో 11 రాష్ట్రాల్లో 22 మంది నకిలీ సరుకుతోనో, పద్ధతి లేని సూదితోనో జబ్బుపడ్డారు. సగం మందిని ఆస్పత్రిలో చేర్చారు. కొందరికి సూది పడింది ఇళ్లల్లో, స్పాల్లో. 2025 జూన్, జులైల్లో ఇంగ్లండ్‌లో ఆరు వారాల్లోపే 38 కేసులు. రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, గుటక పడకపోవడం. దీనికి విరుగుడు ఉంది కానీ, అది రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. నరంలోకి దిగిపోయినదాన్ని వెనక్కి తేలేదు.

బుగ్గలు పూడ్చే ఫిల్లర్ల కథ వేరు. ఆ జెల్లు పొరపాటున రక్తనాళంలోకి దూరితే అక్కడి చర్మం చచ్చిపోతుంది. ముక్కు దగ్గరో బొమల మధ్యనో పొడిచినప్పుడు కంటికి వెళ్లే ధమనిలోకి ఎక్కితే చూపే పోవచ్చు. హయలురోనిక్ ఆమ్లంతో చేసిన జెల్లయితే కరిగించే మందుంది, హయలురోనిడేజ్ అని. సూది పట్టేవాళ్ల చేతికందేంత దూరంలో ఉండాల్సిన మందు. మా పిన్ని పార్లర్‌కి వెళ్లి దాని సంగతి అడిగితే, "ఆ ఫేషియల్ మా దగ్గర లేదు ఆంటీ" అంది అక్కడి అమ్మాయి.

మా పిన్ని హాల్‌మార్క్ చూడందే ముక్కుపుడక కూడా కొనదు. అక్కడితో వదుల్తుందా?

"సీసా చూపించమ్మా."

"ముందే కలిపేశామండీ." ఫ్రిజ్ తలుపు తీసింది. సగం కోసిన నిమ్మకాయకీ, కూల్‌డ్రింకు సీసాకీ మధ్య ఒక సిరంజి, మీద లేబుల్ లేదు.

"ఎన్ని యూనిట్లు?"

"మీ ముఖానికి ఎంత పడితే అంత."

"పొడిచేదెవరు?"

"నేనేనండీ. రెండ్రోజుల కోర్సు చేశాను." గోడ మీద లామినేషన్ చేసిన సర్టిఫికెట్, దాని పక్కన సాయిబాబా.

"మరి డాక్టరుగారు?"

"వీడియో కాల్‌లో ఉంటారు ఆంటీ. సిగ్నల్ ఉంటే."

తర్వాత సంతకానికి కాగితం ఇచ్చింది. ఏం జరిగినా పార్లర్‌కి సంబంధం లేదని మూడు భాషల్లో, అచ్చుతప్పు లేకుండా. "గడువు తేదీ ఎక్కడమ్మా?" అని మా పిన్ని మళ్లీ అడిగింది. ఆ అమ్మాయి అద్దం మీది పోస్టర్ చూపించింది.

"ఈ ఆదివారం వరకే ఆంటీ, ఆఫరు."